కింద పొక్కులు మళ్ళీ మళ్ళీ వస్తుంటే

అమ్మలూ,

కింద, మర్మాంగం చుట్టూ రేజర్‌తో గీసుకున్నచోట పొక్కులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తున్నాయని రాశావు. సిగ్గుపడకు, నీ శుభ్రతలో లోపమేమీ లేదు. అక్కడి వెంట్రుకలు మందంగా, ఉంగరాలు తిరిగి ఉంటాయి. రేజర్‌తో నున్నగా గీస్తే కొస సూదిలా తెగుతుంది. పెరిగేటప్పుడు అది వంగి పక్క చర్మంలో గుచ్చుకుంటుంది. చర్మాన్ని లాగిపట్టి గీస్తే ఇంకో తంటా: చెయ్యి వదలగానే తెగిన కొస లోపలికి జారి, వెంట్రుక మొలిచే గుంట గోడనే చీల్చుకుని పెరుగుతుంది. ముల్లు దిగినచోట వాచినట్టే అక్కడా వాస్తుంది. వ్యాక్సింగ్‌లో వెంట్రుక లోపలే తెగినా అంతే.

అందుకే ముందు చేయాల్సింది మందు రాయడం కాదు, రేజర్ పక్కన పెట్టడం. కనీసం నాలుగు వారాలు, పొక్కులన్నీ అణిగేదాకా. మొదట్లో దురద పెరుగుతుంది, కొత్తవి ఒకటీ అరా లేస్తాయి కూడా. చాలామంది ఓపిక పట్టలేక మళ్ళీ గీసేది సరిగ్గా అప్పుడే. వెంట్రుక కాస్త పొడవైతే చిక్కుకున్న కొస చాలావరకు దానంతటదే బయటపడుతుంది. ఈలోగా గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ 10 నిమిషాలు, రోజుకు మూడుసార్లు అద్దు. బిగుతు బట్టలు మానెయ్.

గిల్లకు, పిండకు. నల్లమచ్చలు మిగిలేది ఎక్కువగా దానివల్లే. చర్మం పైన వెంట్రుక ఉంగరంలా కనబడుతుంటే, స్పిరిట్‌తో తుడిచిన సూది మొన దాని కింద దూర్చి కొసను పైకి లేపి వదిలెయ్. పీకితే కొత్తది మళ్ళీ లోపలే చిక్కుకోవచ్చు. కనబడకపోతే తవ్వకు.

నిజానికి అక్కడి వెంట్రుకలు తీసి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. రాపిడి నుంచి చర్మాన్ని అవే కాపాడతాయి. తగ్గించుకోవాలనిపిస్తే ట్రిమ్మర్‌కు దువ్వెన తగిలించి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచు. గీయక తప్పదనుకుంటే వేడినీళ్ళ స్నానం అయ్యాక, జెల్ పట్టించి, ఒకే బ్లేడున్న పదునైన రేజర్‌తో, వెంట్రుక వాలు వైపుకే, చర్మాన్ని లాగకుండా, గీసినచోటే మళ్ళీ గీయకుండా.

పొక్కులు ఆరాక 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ లోషన్ వారానికి రెండుసార్లు, బయటి చర్మం మీద మాత్రమే రాయి. లోపలి సున్నితమైన చోట, పుండు మీద, గీసిన రోజున వద్దు. దురదకని స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా వాడకు. చర్మం పలచబడుతుంది, ఫంగస్ ఉంటే ముదురుతుంది.

ప్రతి పొక్కూ వెంట్రుకదే అనుకోకు. నీటిబుడగలు గుంపుగా లేచి మంటపుట్టి పుండ్లయితే హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు. మధ్యలో చిన్న గుంటతో ముత్యాల్లా ఉంటే మొలస్కమ్ అనే వైరస్; దాని మీద గీస్తే ఇంకా పాకుతుంది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి: గజ్జల్లో, చంకల్లో లోతైన గడ్డలు అవే చోట్ల తిరగబెట్టడం, చీముకారి మచ్చ కట్టడం. దాన్ని హైడ్రాడినైటిస్ అంటారు. రేజర్ మానినా ఆగదు. ఏళ్ళ తరబడి వెంట్రుక పొక్కులేననుకుని ఆలస్యం చేసేవాళ్ళున్నారు, ఈలోగా చర్మం కింద సొరంగాలు పడతాయి. ఆరు నెలల్లో రెండుసార్లు అలాంటి గడ్డ లేస్తే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళు. ఎప్పుడు, ఎక్కడ లేచిందో, నెలసరి ముందు ఎక్కువవుతోందో లేదో రాసిపెట్టుకుని చూపించు. జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆ రోజే వెళ్ళాలి.

అమ్మ