ఈవెంట్స్‌కు ముందు గ్రౌండ్ ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లల ఒంట్లో సత్తువ లేదని, పొద్దంతా ఫోన్లు చూస్తూ కూర్చోబట్టే ఈవెంట్స్‌లో, అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షల్లో, పోతున్నారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రాశారు. చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. తెల్లవారుజామున ఐదింటికి పరకాల రోడ్డు మీదో, హుజూరాబాద్ రోడ్డు మీదో ఒకసారి వచ్చి చూడండి. చలిలో, లారీల లైట్ల వెలుగులో, అట్టల్లాంటి బూట్లతో పరుగెత్తుతుంటారు. సత్తువ లేని పిల్లలు చేసే పనా అది?

2022 తెలంగాణ పోలీసు నియామక నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అని పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలకు నాలుగు రౌండ్లు, రౌండుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. సాధన ఉంటే అందని వేగం కాదు. పోయేవాళ్లలో చాలామంది మొదటి రౌండు 80 సెకన్లకే కొట్టేసి, మూడో రౌండుకల్లా కాళ్లు బిగుసుకుపోయి నడకలో పడతారు. తన వేగం తనకు తెలియాలంటే కొలిచిన ట్రాక్ ఉండాలి. మన మండలాల్లో అదెక్కడుంది? బండి మీటరు చూసి రోడ్డు మీద సున్నంతో గీతలు గీసుకుంటున్నారు. ఆ మీటరు వంద మీటర్లకోసారి గానీ మారదు. 1600 అనుకుని 1500 పరుగెత్తినవాడికి పరీక్ష రోజు 27 సెకన్లు తేడా కొడుతుంది.

పైగా ఆ సిమెంటు రోడ్లు. రెండు వారాలు తిరక్కుండానే మోకాలి కింద ముందు ఎముకలో నొప్పి మొదలవుతుంది. నిజానికి మొదటి మూడు వారాలు వారానికి నాలుగు రోజులు, అరగంట చొప్పున నడక, మెల్లని పరుగు కలిపి మట్టి మీదే చేయాలి. ఆ తర్వాతే 400 మీటర్లు 1 నిమిషం 45 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తాలి. అలా ఐదారు సార్లు, వారానికి ఒకరోజే. ఇంకోరోజు ఐదు కిలోమీటర్లు తీరిగ్గా. ఈ క్రమానికి కనీసం పన్నెండు వారాలు కావాలి. గతసారి ప్రిలిమ్స్ (తొలి రాతపరీక్ష) ఫలితాలు 2022 అక్టోబర్ 21న వస్తే, ఈవెంట్స్ డిసెంబర్ 8న మొదలయ్యాయి. నిండా ఏడు వారాలు లేవు. ఫలితం చూసుకుని గ్రౌండ్‌కు వచ్చిన పిల్లలు తొందరపడి ఎముక నొప్పి తెచ్చుకుని, నొప్పి మాత్రలు మింగి పరుగెత్తారంటే తప్పెవరిది?

లాంగ్‌జంప్ సంగతి మరీ అధ్వానం. అబ్బాయిలకు 4 మీటర్లు, అమ్మాయిలకు 2.5. దూకిన ప్రతిసారీ పిట్‌లో (దూకి పడే గుంతలో) ఇసుకను పారతో తిరగేసి, కాలు మోపి ఎగిరే పలక మట్టానికి సర్దాలి. మన పిట్లలో ఇసుక వానలకు గట్టిపడి, గరిక మొలిచి, సీసా పెంకులు తేలి ఉంటుంది. అందులో పడితే మడమ అదిరిపోతుంది. ఆ భయానికి పిల్లలు కాళ్లు ముందుకు చాపకుండా నిలువుగా దిగడం అలవాటు చేసుకుంటారు. దూరమంతా అక్కడే పోతుంది. కొలతేమో పలక అంచు నుంచి, ఇసుకలో దానికి అన్నిటికన్నా దగ్గరగా పడ్డ గుర్తు దాకా. వెనక్కి చెయ్యి ఆనిందా, ఆ చేతి గుర్తుకే కొలుస్తారు. ఈ మాట చెప్పేవాళ్లు కూడా ఊళ్లో లేరు.

షాట్‌పుట్‌లో అబ్బాయిలు 7.26 కిలోల గుండును 6 మీటర్లు, అమ్మాయిలు 4 కిలోలది 4 మీటర్లు వేయాలి. గుండు కొనే స్తోమత లేక బండరాళ్లతో సాధన చేస్తున్నారు. రాయి అరచేతిలో కూర్చుంటుంది, దాన్ని విసరడమే అలవాటవుతుంది. గుండును వేళ్ల మొదళ్ల మీద నిలిపి, దవడ కింద మెడకు ఆనించి, మోచెయ్యి ఎత్తి, వంచిన మోకాలి బలంతో నెట్టాలి. విసిరితే భుజం పట్టేస్తుంది, ఫౌలూ అవుతుంది. బాగా వేసి కూడా ఆ ఊపులో, నిలబడి వేసే వలయం ముందువైపు నుంచి బయటికొస్తే అదీ ఫౌలే.

2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు హనుమకొండ స్టేడియంలో జరిగాయి. ఓరుగల్లుకు అది గర్వకారణం, కాదనను. కానీ ఏటూరునాగారం అమ్మాయి రోజూ తెల్లారేసరికి హనుమకొండ ఎలా వస్తుంది? ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. చాలాచోట్ల బోర్డు, రెండు ఇనుప కడ్డీలు మిగిలాయి. ప్రతి అధికారీ వస్తారు, ఫొటో దిగుతారు, నిధులు లేవంటారు. నోటిఫికేషన్ పడ్డాక నెల రోజులు ఉచిత శిక్షణ అని ప్రకటించి చేతులు దులుపుకుంటారు.

కోట్లు అడగడం లేదు. మండలానికి ఒక హైస్కూల్ గ్రౌండ్ చాలు. మొరం పోసి చదును చేసి, టేపుతో కొలిచి 400 మీటర్లు, అంత చోటు లేకపోతే 200 మీటర్ల గీత వేయండి. ఒక ట్రాక్టర్ వాగు ఇసుక, ఒక పార, రెండు బరువుల్లో గుండ్లు ఇవ్వండి. అమ్మాయిలు చీకట్లో భయపడకుండా నాలుగు లైట్లు, తాళం వేయని మరుగుదొడ్డి ఉండాలి. వ్యాయామ ఉపాధ్యాయుడికి గౌరవ వేతనమిచ్చి వారానికి మూడు ఉదయాలు కేటాయించండి. గేటు ఐదింటికి తెరవాలి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఈ వానలు తగ్గగానే పని మొదలుపెట్టమని కలెక్టర్లను అడుగుతున్నాను.

— వ్యాయామ ఉపాధ్యాయుడు (విశ్రాంత), హనుమకొండ