వార్షిక నివేదిక 2024–25: గ్యాస్ గోళీ నుంచి పరీక్ష దాకా

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, పనులు మానుకొని ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు. ఏటా చేసే పనులు ఈ ఏడూ ఆగలేదు. పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువు, పంద్రాగస్టు నాడు రక్తదానం, వానకాలానికి ముందు మంచినీళ్ల ట్యాంకు కడిగించడం అన్నీ జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈ ఏడాది మనం గట్టిగా నిలబడి చేసిన పని ఫిబ్రవరిలో పెట్టిన కడుపు పరీక్షల శిబిరం. దాని గురించే వివరంగా రాస్తున్నాను.

పోయిన ఏడాది ఇదే సమావేశంలో మన సభ్యుడొకరు లేచి, "మా నాయిన పదేండ్లు గ్యాస్ గోళీ మింగిండు. కడుపుల పుండు పగిలి రక్తం కక్కినంక గానీ సంగతి తెల్వలే. ఒక్కలన్న పరీక్ష చేయించుమని చెప్పలే" అన్నారు. ఆ మాటకు అందరం తల వంచుకున్నాం. తీర్మానం ఆ రోజే రాసుకున్నాం.

ఆ పుండుకు చాలాసార్లు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. కారం వల్ల, మనసులో దిగులు వల్ల పుండు పడుతుందని లోకమంతా నమ్ముతున్న కాలంలో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు. 2005లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. కడుపు క్యాన్సర్‌కు కూడా ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే ప్రకటించింది. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామంది కడుపులో ఇది ఉంటుంది కానీ అందరికీ పుండు పడదు. అందుకే ఊరందరికీ కాకుండా, నెలల తరబడి కడుపు మంట, నొప్పి ఉన్నవాళ్లకే పరీక్ష చేయాలని శిబిరానికి వచ్చిన డాక్టర్ గారు మొదటే చెప్పారు.

శిబిరంలో అందరికీ గుర్తుండిపోయింది మన రిటైర్డ్ సైన్స్ సారు, ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముడు కలిసి చేసి చూపించిన ప్రయోగం. పొలానికి చల్లే యూరియా చెంచాడు తీసి గాజు గ్లాసులో నీళ్లలో కరిగించారు. ఫినాల్ రెడ్ అనే రంగు చుక్కలు వేసి, నిమ్మరసం ఒక్క చుక్క పిండితే నీళ్లు పసుపు పచ్చగా అయ్యాయి. దాన్ని రెండు గ్లాసుల్లో పోశారు. ఒకదాంట్లో కొత్త పంట కందులు నానబెట్టి రుబ్బిన పిండి, రెండో దాంట్లో ఉడికించిన కందిపప్పు వేశారు. కాసేపటికి పచ్చి పిండి వేసిన గ్లాసు అడుగు నుంచి గులాబీ రంగుకు తిరిగింది. ఉడికిన పప్పు గ్లాసు పసుపుగానే ఉండిపోయింది. పచ్చి కందిలో యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేసే ఎంజైము ఉంది, ఆ అమ్మోనియాకే రంగు గులాబీకి మారింది. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కడుపులో ఆ బ్యాక్టీరియా దగ్గరా అదే రకం ఎంజైము ఉంది. చుట్టూ అమ్మోనియా పుట్టించుకొని అంత యాసిడ్‌లో బతుకుతుంది. ఎండోస్కోపీలో, అంటే నోట్లోంచి సన్న గొట్టం దింపి చూసే పరీక్షలో, కడుపు గోడ నుంచి నూకగింజంత ముక్క తీసి పసుపు మందులో వేసి చూసేది కూడా ఈ రంగు మార్పునే. ఊదుడు పరీక్షకూ ఆధారం ఇదే. లోపలి కార్బన్‌ను గుర్తుపట్టేలా మార్చిన యూరియా తాగించి, కాసేపాగి ఊపిరిలో ఆ కార్బన్ వచ్చిందా అని చూస్తారు. యూరియా బస్తాలు మోసిన చేతులతోనే ఆ గ్లాసును వెలుతురుకు పెట్టి చూసిన రైతుల ముఖాలు నేను మరిచిపోలేను.

ఊదుడు పరీక్ష యంత్రం మన దగ్గర లేదు. దానికి హైదరాబాద్ పోవాలి. ఎండోస్కోపీ అందరికీ చేయించలేం. అందుకే మలంలో బ్యాక్టీరియా ఆనవాలు పట్టే యాంటిజెన్ పరీక్షను ఎంచుకున్నాం. బఠాణీ గింజంత నమూనా చాలు. డబ్బాల మీద పేరు రాసి, ఐసు పెట్టిన థర్మాకోల్ పెట్టెలో సర్ది, పొద్దున మొదటి బస్సుకు దేవరకొండ నుంచి నల్లగొండ ల్యాబుకు చేర్చాం.

కష్టమంతా అంతకు ముందే పడ్డాం. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ గోళీలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ వాడకూడదు. వాడితే బ్యాక్టీరియా అణిగి ఉంటుంది, రోగం ఉన్నా లేనట్టు వస్తుంది. ఒక అవ్వ కొంగు ముడి విప్పి గోళీల షీటు నా చేతిలో పెట్టి, "పదిహేను దినాలు ఇది లేకుంటే ఎట్ల బతకాలె బిడ్డా?" అంది. పరీక్ష ముందు రోజు దాకా, మరీ మండితే తాగమని డాక్టర్ గారు తెల్ల మందు సీసా ఇచ్చారు. మన ఆశా అక్క రెండు వారాలూ ఆ అవ్వ ఇంటికి పోయి కనుక్కుంది. ఆ అవ్వకు రోగం బయటపడింది, పద్నాలుగు రోజుల మందు ఒక్క పూటా తప్పకుండా వాడింది, ఏప్రిల్‌లో రెండో పరీక్షలో లేదని వచ్చింది.

నల్లగా విరేచనం అవుతున్నవాళ్లను, ఊరికే బరువు తగ్గుతున్నవాళ్లను, మెతుకు మింగలేకపోతున్నవాళ్లను శిబిరంలో ఆపలేదు. చీటీ రాయించి నేరుగా పెద్ద దవాఖానకు ఎండోస్కోపీకి పంపాం.

ఇక బాధ కలిగించిన సంగతులు. స్వచ్ఛంద సేవకులుగా పేర్లు రాయించుకున్నవాళ్లు పద్నాలుగు మంది, పొద్దున ఆరింటికి బడి దగ్గర కనబడినవాళ్లు అయిదుగురు. మిగతావాళ్ల ఫోన్లు ఎత్తలేదు. పెళ్లిళ్ల సీజనని నాకు తెలుసు. కానీ ముసలివాళ్లు డబ్బాలు చేతపట్టుకొని వరుసలో నిలబడితే పేర్లు రాసేవాళ్లు లేక గంటన్నర ఆలస్యమైంది. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి పదకొండింటికి, మీటింగ్ ఉందని కబురు పంపారు. మన మండలంలోనే నమూనాలు తీసుకునే ఏర్పాటు చేయమని రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాం. ముద్ర వేసిన కాగితాలు ఫైల్లో ఉన్నాయి, జవాబు రాలేదు.

ఇంకొకటి. పట్నంలో ఒక ల్యాబువాళ్లు రక్తం చుక్కతో స్ట్రిప్ మీద చేసే పరీక్షతో, మందు వాడి నయమైన మన సభ్యురాలికి మళ్లీ రోగం ఉందని రాసిచ్చారు. బ్యాక్టీరియాతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు రోగం పోయాక కూడా రక్తంలో చాలాకాలం ఉంటాయి. అందుకే నయమైందో లేదో ఆ పరీక్షతో తేలదు. ఆమె ఇంకోసారి మందులు కొనబోతుంటే ఆపాం. వారం రోజులు ఆమెకు నిద్ర లేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, కోశాధికారి గారు చదువుతారు. కిట్ల ఖర్చు అనుకున్నదాని కంటే పెరిగింది, లోటు దాతలు పూడ్చారు.

ఉచితంగా వచ్చిన డాక్టర్ గారికి, తాళాలిచ్చి బెంచీలు కూడా సర్దించిన హెడ్మాస్టర్ గారికి, ఏఎన్ఎం అమ్మకు, ఆశా అక్కలకు, ఐసు ఇచ్చిన సోడా షాపు అన్నకు, పెట్టెను తన సీటు పక్కన నీడలో పెట్టుకొని తీసుకుపోయిన కండక్టర్ గారికి, అటుకులు, చాయ పంచిన మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు, ఆ అయిదుగురు పిల్లలకు సంఘం తరఫున ధన్యవాదాలు.

మందు ముగిసి కనీసం నాలుగు వారాలు దాటాక రెండో పరీక్ష చేయించుకోవాలి. కొందరు పనికి పట్నం పోయి రాలేదు. శిబిరంలో వాళ్లకిచ్చిన నంబర్లు, పేర్లు లేకుండా బోర్డుకు అంటించాం. మీ ఇంటివాళ్ల నంబరు ఉంటే ఈ రాత్రే వాళ్లకు ఫోన్ చేయండి. గ్యాస్ గోళీ ఆపే తేదీ డాక్టర్ గారిని అడిగి చెప్తాం. పెట్టె, డబ్బాలు ఆఫీసులో సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి