స్మగ్లర్ల చేతికి మా పన్నుల సొమ్మా?

ఆస్ట్రేలియా హోం వ్యవహారాల మంత్రి గారికి,

2015 మే నెలలో న్యూజిలాండ్‌కు బయలుదేరిన 65 మంది శరణార్థుల పడవను మన అధికారులు సముద్రంలో అడ్డుకున్నారు. వెనక్కి తిప్పడానికి ఆ పడవ నడిపే ఆరుగురు సిబ్బందికి, అంటే మనుషుల్ని దొంగతనంగా తరలించే స్మగ్లర్లకు, దాదాపు 32 వేల అమెరికన్ డాలర్లు ముట్టజెప్పారని ఇండోనేషియా పోలీసులు చెప్పారు, నోట్ల ఫొటోలు కూడా చూపించారు. శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్‌ల నుంచి వచ్చినవారిని, పిల్లలూ గర్భిణీ సహా, రెండు చిన్న పడవల్లోకి మార్చి వదిలేశారు. దారిలో ఒకదానికి ఇంధనం అయిపోయింది. ఇండోనేషియాలోని రోటే ద్వీపం దగ్గర పడవ పగడపు దిబ్బకు తగిలితే ఒడ్డుకు చేర్చింది స్థానికులే.

డబ్బు ఇచ్చారా అని అడిగితే అప్పటి ప్రధాని టోనీ అబాట్ కాదనలేదు. సెనేట్ విచారణకూ ప్రభుత్వం వివరాలివ్వలేదు.

పడవలు ఆగితే ప్రాణాలు నిలుస్తాయన్న మీ వాదనను నేను తీసిపారేయను. సముద్రంలో మునిగినవారి సంగతి నాకూ కలచివేతే. కానీ ఎక్కించుకున్నందుకు ఒకసారి, తిప్పినందుకు మరోసారి డబ్బు అందితే ఆ వ్యాపారం ఎవరు మానుకుంటారు? ఆశ్రయం కోరినవారి మొర విన్నదెవరు? సొమ్ము పుచ్చుకున్న సిబ్బందిని ఇండోనేషియా అరెస్టు చేసింది. ఇచ్చినవారి మాటేమిటి?

ఆ దస్త్రాలు బయటపెట్టండి. ఇలాంటి చెల్లింపులను నిషేధిస్తూ చట్టం తీసుకురండి.

ఇట్లు,
సిడ్నీలో పన్ను కడుతున్న ఒక తెలుగు మహిళ