వాట్సాప్‌లో చూసిందే మళ్లీ పేపర్లోనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ పేపర్లో (మీ ఒక్కరిదే కాదు లెండి, అన్నిట్లోనూ) 'సోషల్ మీడియాలో వైరల్‌గా మారింది' అంటూ ముగిసే వార్తలు మరీ ఎక్కువైపోయాయి. వీడియో ఎవరు తీశారో ఉండదు, ఏ ఊరిదో ఉండదు, ఎప్పటిదో అసలే ఉండదు, కింద నాలుగు కామెంట్లు ఏరుకొచ్చి నెటిజన్లు మండిపడుతున్నారని రాసేస్తారు. ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో నిన్న పొద్దున్నే వచ్చింది. డబ్బులిచ్చి పేపరు కొనుక్కుని మళ్లీ అదే చదవాలా?

సోషల్ మీడియా మీద కోపంతో రాయడం లేదు. మాది విశాఖపట్నంలోని గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఉన్న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరై ఇళ్లలోకి వచ్చేసినప్పుడు లోకానికి ఆ సంగతి తెలిసింది ఫోన్ల వల్లే. నడుస్తూ నడుస్తూనే రోడ్డు మీద కూలిపోతున్న మనుషుల్ని అక్కడి జనమే వీడియోలు తీసి పంపారు. ఆరోజు పేపరు అప్పటికే అచ్చయిపోయింది, అందులో ఆ వార్త ఉండే వీలే లేదు, దానికి మిమ్మల్ని అనేదేమీ లేదు. పన్నెండు మంది ప్రాణాలు పోయిన ఆ ప్రమాదంలో సాయం తొందరగా కదిలిందంటే అందులో ఆ వీడియోల పాత్ర చాలా ఉంది.

కానీ అదే రోజు అర్ధరాత్రి మళ్లీ లీకవుతోందన్న మాట ఫోన్లలో పాకింది. జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదకు వచ్చేశారు, అధికారుల మాటలూ ఒక్కలా లేవు, ఒకటే టెన్షన్. పొద్దున కాపాడిన ఫోనే రాత్రికి పరుగులు పెట్టించింది. ఇక ట్యాంకులో వేడి ఎందుకు పెరిగింది, అలా పెరగకుండా కలపాల్సిన రసాయనం సరిపడా ఎందుకు లేదు, ఊరిని లేపాల్సిన సైరన్ ఎందుకు మోగలేదు, పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి చేస్తున్నామని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ ఇచ్చాక కూడా ఎవరూ ఎందుకు కదల్లేదు... ఇవేవీ ఫోన్ ఎత్తి పట్టుకుంటే కెమెరాకు చిక్కేవి కావు కదా. ఎవరో ఒకరు కూర్చుని కాగితాలు తిరగెయ్యాలి, పదిమందికి ఫోన్లు చెయ్యాలి, ఒకే ప్రశ్న నలుగురిని అడగాలి. పేపరు నుంచి మాకు కావలసింది ఆ పని.

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త మనిషి కనిపిస్తే కొట్టారు, కొందరు చనిపోయారు కూడా. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి మరీ అవి పుకార్లని చెప్పించారు. ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు (మనిషైనా, గ్రూపైనా) మించి ఫార్వర్డ్ చేయకుండా మన దేశంలో వాట్సాప్ పరిమితి పెట్టింది ఆ జూలైలోనే. ఫలానా ఊళ్లో అలాంటిదేమీ జరగలేదని తేల్చడానికి ఎంతసేపు పడుతుంది? మండల విలేకరి ఆ ఊరికి వెళ్లి సర్పంచిని, ఆశా కార్యకర్తను అడిగితే గంటలో తేలిపోతుంది. అలాంటి మనిషి పేపరుకు ఉన్నాడు, వాట్సాప్‌కు లేడు.

ఉన్నాడు సరే, అతనికి మీరు ఏమిస్తున్నారు? చాలాచోట్ల మండల విలేకరికి జీతమంటూ ఉండదు, రాసినదానికి వచ్చేది పెట్రోలుకు చాలదు, పైగా పండక్కీ నాయకుల పుట్టినరోజులకీ యాడ్లు తెమ్మంటారు. యాడ్ ఇచ్చిన మనిషి మీద రేపు వార్త ఎలా రాస్తాడు? విసిగిపోయి కొందరు సొంతంగా యూట్యూబ్ చానల్ పెట్టుకుంటున్నారు. వాళ్లలో మా వార్డు డ్రైనేజీ గురించి మీకంటే బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు, గొట్టం పట్టుకుని దుకాణాల దగ్గర వసూళ్లు చేసేవాళ్లూ ఉన్నారు. ఆ థంబ్‌నెయిళ్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది.

బ్లాగుల వల్ల ఒక మంచి జరిగింది, అది మీరూ ఒప్పుకోవాలి. ఇదివరకు పేపర్లో తప్పు కనిపిస్తే ఉత్తరం రాసి, వేస్తారో చెత్తబుట్టలో పడేస్తారో అని ఎదురుచూడటమే (ఈ ఉత్తరం గతీ అంతేననుకోండి). 2006 ప్రాంతం నుంచి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే 'కూడలి' అనే వెబ్‌సైట్‌లో బ్లాగులు చదివినవాళ్లకు తెలుసు, ప్రాజెక్టుల గురించి ఇంజినీర్లు, మందుల గురించి డాక్టర్లు నేరుగా రాయడం మొదలుపెట్టారు, కింద వ్యాఖ్యల్లో వాళ్లనూ నిలదీసేవాళ్లు. ఇప్పుడైతే మీ హెడ్డింగు తప్పని పది నిమిషాల్లో ఫొటోతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేస్తున్నారు. మీరు మాత్రం మొదటి పేజీ తప్పుకు సవరణను లోపలి పేజీలో, కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. తప్పు పడిన చోటే, అంతే సైజులో సవరణ వేయండి.

ఇంకొకటి, ఎన్నికలొస్తే చాలు పేపర్ల పేర్లతో, అచ్చం అవే అక్షరాలతో దొంగ క్లిప్పింగులు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అది మాది కాదని మర్నాడు మీరు ఖండించేలోపే పోలింగ్ అయిపోతుంది. ఈ-పేపరు మొత్తం ఊరికే ఇమ్మనడం లేదు. తేదీ, ఎడిషన్, పేజీ నంబరు కొడితే ఆ పేజీలోని హెడ్డింగులైనా డబ్బు కట్టకుండా కనిపించేలా పెట్టండి. గ్రూపులో ఎవరైనా క్లిప్పింగు పడేస్తే అది మీదో కాదో మేమే చూసుకుని అక్కడే చెప్పేస్తాం.

– ఒక పాఠకుడు, గోపాలపట్నం, విశాఖపట్నం