మే రెండో ఆదివారం క్లాసులు లేవు, మ్యాన్‌హైమ్‌కు వెళ్దాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మే నెల రెండో ఆదివారం మన తెలుగు బడి ఉండదు. ఆ రోజు లాంకాస్టర్ కౌంటీలోని మ్యాన్‌హైమ్ దగ్గర పెద్ద జబ్బులతో ఉన్న పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ సంస్థ కోసం ట్రక్కుల కాన్వాయ్ జరుగుతుంది. దానికి మన బడి తరఫున వాలంటీర్లుగా రమ్మని మిమ్మల్ని అడగడానికే ఈ నెల ఉత్తరం. అది మదర్స్ డే అని నాకు తెలుసు. ఇంట్లో ఏవో ప్లాన్లు వేసుకుని ఉంటారు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఈ పని పిల్లలతో కలిసి చేయదగ్గదని గట్టిగా నమ్ముతున్నాను.

పెన్సిల్వేనియాకు కొత్తగా వచ్చిన కుటుంబాలకు దీని సంగతి కొంచెం చెప్పాలి. 1990లో ఇక్కడ జబ్బుతో ఉన్న ఒక అబ్బాయిని నీకేం కావాలని అడిగితే, పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఎక్కాలని, అందులోంచి సీబీ రేడియోలో మాట్లాడాలని కోరుకున్నాడు. సీబీ అంటే సెల్‌ఫోన్లు రాకముందు నుంచీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. 19వ ఛానెల్ వాళ్ళది. ఆ కోరిక తీర్చడానికి ఒక్క ట్రక్కు సరిపోయేది. కానీ కబురు విన్న డ్రైవర్లు వరుస కట్టి వచ్చారు. అలా మొదలైనది ఏటా మదర్స్ డే నాడు జరిగే వేడుక అయింది. ఇప్పుడు వందల ట్రక్కులు వస్తాయి. మేక్-ఎ-విష్ పిల్లలు డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని పొలాల మధ్య రోడ్ల మీద ఊరేగుతారు. జనం ఇళ్ళ ముందు కుర్చీలు వేసుకుని చేతులూపుతారు.

మేక్-ఎ-విష్ మొదలైన తీరు కూడా ఇలాంటిదే. 1980లో ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో క్రిస్ గ్రీసియస్ అనే ఏడేళ్ళ బాబుకు ల్యుకేమియా. పోలీసు కావాలన్నది వాడి కోరిక. రాష్ట్ర పోలీసులు వాడిని హెలికాప్టర్ ఎక్కించారు, వాడి కొలతలకు యూనిఫాం కుట్టించారు. కొద్ది రోజులకే బాబు చనిపోయాడు. ఆ పోలీసులు, వాడి తల్లి కలిసి నిలబెట్టిన సంస్థ ఇది. హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ళకు 2014 గుర్తుండే ఉంటుంది. క్యాన్సర్‌తో పోరాడుతున్న పదేళ్ళ బాబు ఒక రోజు నగర పోలీసు కమిషనర్ కుర్చీలో కూర్చున్నాడు. అది మేక్-ఎ-విష్ ఇండియా చేసిన పనే.

ఇక అసలు విషయం. మన పెద్దవాళ్ళకు ఒక అలవాటుంది. జబ్బు చేసిన పిల్ల కనిపిస్తే దగ్గరికెళ్ళి ఏమైందమ్మా, ఎప్పటి నుంచి, ఏ డాక్టరు చూస్తున్నాడు అని అడుగుతాం. మా చుట్టాలబ్బాయికి అచ్చం ఇలాగే వచ్చి తగ్గిపోయిందని చెబుతాం. ఫలానా ఆకు వాడి చూడమంటాం. అంతా ప్రేమతోనే. కానీ ఆ తల్లి ఏడాది పొడవునా ఆ ప్రశ్నలకే జవాబు చెబుతూ ఉంది. ఈ ఒక్క రోజైనా ఆమెను ఎవరూ అడగకూడదు. ఆ పిల్ల కళ్ళ ముందే మనం కళ్ళు తుడుచుకోవడం అస్సలు వద్దు. పైగా మేక్-ఎ-విష్ పిల్లలంటే అందరూ చనిపోబోయే పిల్లలని అనుకుంటారు. అది నిజం కాదు. రెండున్నర ఏళ్ళ నుంచి పద్దెనిమిది లోపు, ప్రాణాపాయమున్న జబ్బుతో ఉన్న పిల్లలెవరైనా అర్హులే. వాళ్ళలో చాలామంది కోలుకుని పెద్దవాళ్ళవుతారు. కాబట్టి మన పిల్లలు వాళ్ళను ఏమడగాలంటే, నీ ట్రక్కు ఏ రంగు, హారన్ నువ్వే కొట్టావా, ఎంత గట్టిగా కొట్టావు అని. క్లాసులో టీచర్లు ఈ మాటలు మాట్లాడిస్తారు. ఇంట్లో మీరూ మాట్లాడండి.

ఆ రోజు చేత్తో పట్టుకోవడానికి మన పిల్లలతో బోర్డులు రాయిస్తున్నాం. వాటి మీద 'గెట్ వెల్ సూన్' అని రాయొద్దని పిల్లలకు చెప్పాం. కొన్ని జబ్బులు త్వరగా తగ్గేవి కావు, కొన్ని తగ్గేవే కావు. డ్రైవర్లకు థాంక్స్ చెప్పండి, ట్రక్కు బొమ్మ వేయండి, తెలుగులో 'శభాష్' అని రాయండి.

ఆరోగ్యం విషయంలో మాత్రం మొహమాటపడను. కీమో తీసుకునే పిల్లల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, రోగాలను తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే వాళ్ళు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మన ఇంట్లో రెండు రోజుల్లో పోయే జలుబు వాళ్ళకు అంత పని పెడుతుంది. మే నెలలో పుప్పొడికి అందరం తుమ్ముతాం, ఎలర్జీయేలే అనుకుంటాం. ఏ కాస్త అనుమానమున్నా ఆ రోజు ఇంట్లోనే ఉండండి. ఎవరూ ఏమీ అనుకోరు. పులిహోర, లడ్డూలు మనవాళ్ళ కోసం తెచ్చుకోండి, కానీ ఆ పిల్లలకు పెట్టొద్దు. వాళ్ళ తిండికి డాక్టర్లు చెప్పిన పద్ధతి ఉంటుంది. వాళ్ళ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం కూడా కుదరదు. అడిగితే తల్లిదండ్రులు సరేనంటారేమో, అయినా అడగొద్దనే నా మాట.

ట్రక్కుల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. డ్రైవర్‌కు ముందు వైపు 20 అడుగులు, వెనక 30 అడుగుల దాకా మనిషి కనిపించడు. కుడి పక్క ఇంకా కష్టం. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించడం లేదంటే మీరూ ఆయనకు కనిపించడం లేదు. పిడికిలి పైకెత్తి కిందికి లాగితే డ్రైవర్లు హారన్ కొడతారు, పిల్లలకు అదే పెద్ద సరదా. ఎయిర్ హారన్ చాలా గట్టిది కాబట్టి చిన్నవాళ్ళకు చెవులకు పెట్టే మఫ్స్ తీసుకురండి.

పోయినసారి మన తండ్రుల్లో ఒకాయన, మామూలుగా మీటింగుల్లో నోరు విప్పని మనిషి, ఒక డ్రైవర్‌తో టైర్ల గురించి, రాత్రి ప్రయాణాల గురించి చాలాసేపు మాట్లాడుతూ నిలబడిపోయారు. వాళ్ళ నాన్నగారు విజయవాడ నుంచి కలకత్తాకు లారీ తోలేవారట. ఆయన కొడుకు మన బడిలోనే చదువుతున్నాడు. తాతగారి లారీ కథలు వాడు మొదటిసారి విన్నది అక్కడే.

వాలంటీర్ల నమోదు సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరికి వారే చేసుకోవాలి. వయసు నిబంధనలు కూడా అక్కడే చూడండి. పార్కింగ్, నీళ్ళ సీసాలు, చెత్త ఏరడం, ఏ పని ఇచ్చినా చేద్దాం. నమోదయ్యాక మీ క్లాసు టీచర్‌కు పేరు చెప్పండి, కార్లు కలిపి వెళ్దాం. టర్న్‌పైక్ మీద వచ్చేవాళ్ళు లెబనాన్-లాంకాస్టర్ ఎగ్జిట్‌లో దిగి 72వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వాళ్ళనూ తీసుకురండి. వాళ్ళు పనేమీ చేయక్కర్లేదు. రోడ్డు పక్కన కూర్చుని చేతులూపితే చాలు. మడత కుర్చీ, టోపీ మర్చిపోకండి.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్