డిసెంబర్ 7 పతాక దినోత్సవం: కాలనీవాసులకు సమాచారం

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి ఏటా జరుగుతోంది. ఉదయం 10 గంటలకు మన కమ్యూనిటీ హాల్‌కు రండి.

ఈసారి శాలువాలు, ఫ్లెక్సీలు వద్దనుకున్నాం. కాలనీలోని మాజీ సైనికులను అడిగితే, "సన్మానం తర్వాత, ముందు స్పర్శ్ (సైనిక పెన్షన్ల వెబ్‌సైట్) పోర్టల్ పనులు చూడండి" అన్నారు. మూడో వీధి పెద్దమ్మ, సైనికుడి భార్య, వేలిముద్ర పడక, పెన్షన్ ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం తిరుగుతూనే ఉంది. పొలం పనులకు ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) ఇవ్వొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఆదివారం హాల్‌లో ఈ పనులే చేసిపెడదాం.

మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైతే ఉమ్మడి నల్గొండ జిల్లా అంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. సర్వీసు చేసి తిరిగొచ్చినవాళ్లు మన పక్కిళ్లలోనే ఉన్నారు. వాళ్లకూ మనం రుణపడి ఉన్నాం.

పెన్షన్ తీసుకునేవాళ్లు: ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) కాపీ, ఆధార్‌కు లింకైన ఫోన్ తెచ్చుకోండి.
కాలేజీ పిల్లలు: 9:30కే రండి, ఫోన్లు ఫుల్ ఛార్జింగ్‌తో.
నడవలేనివాళ్లు ఉంటే ఇంటి నంబర్ పెట్టండి, మేమే వస్తాం.

సైనికుల సంక్షేమానికి హాల్‌లో పెట్టే హుండీలో వేసిన డబ్బు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కడతాం, రసీదు ఇక్కడే పెడతాం. ఎంత ఇచ్చినా సంతోషమే.

పేర్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వండి. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పుడే చెప్పండి.