పాపకు మూలుగ మార్పిడి చేసే ముందు ఒక మాట

ప్రియమైన పద్మా,

నీ ఉత్తరం అందింది. మార్పిడికి తమ్ముడి ఎముక మూలుగ అక్కకు పూర్తిగా సరిపోయిందన్న మాట చదివి ఎంత సంతోషించానో! తోబుట్టువుల్లో ఒకరిది ఇంకొకరికి సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. తలసీమియా వల్ల ఒంట్లో రక్తం సరిగా తయారుకాక, ఊహ తెలియని వయసు నుంచీ మూడు వారాలకోసారి ఆ పిల్లను రక్తం ఎక్కించడానికి తీసుకెళ్తున్నావు. నరం దొరక్క నర్సు రెండోసారి గుచ్చినప్పుడల్లా నువ్వు ముఖం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. ఆ తిరుగుడికి ముగింపు కనిపిస్తోందంటే అంతకన్నా ఏం కావాలి? అన్నయ్యగారికి కూడా నా మాటగా ధైర్యం చెప్పు.

ఈ ఉత్తరం మాత్రం నువ్వు చివర్లో రాసిన రెండు మూడు వాక్యాల కోసం రాస్తున్నాను. మార్పిడికి ముందు ఇచ్చే మందుల వల్ల పాపకు ముందుముందు పిల్లలు కలగకపోవచ్చని డాక్టరుగారు అన్నారనీ, దానికి మీ అత్తయ్యగారు "ముందు ప్రాణం దక్కనివ్వండి, తొమ్మిదేళ్ల పిల్లకు ఇప్పుడు ఆ మాటలెందుకు" అన్నారనీ, నీకూ అదే సబబనిపించిందనీ రాశావు. అత్తయ్యగారు అన్నదాంట్లో ప్రేమే ఉంది. ప్రాణం తర్వాతే ఏదైనా. కానీ పద్మా, ఈ విషయం గురించి ఆలోచించడానికి వీలున్న సమయం ఇదొక్కటే. మందు ఒంట్లోకి వెళ్లాక ఎంత ఆలోచించినా చేయగలిగింది చాలా తక్కువ. ఇన్నేళ్లుగా అండాలను, పిండాలను భద్రపరిచే ల్యాబులో పని చేస్తున్నదాన్ని, తెలిసీ నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

అసలు సంగతి ఇది. ఆడపిల్ల పుట్టేటప్పటికే తన జీవితానికి సరిపడా అండాలు అండాశయాల్లో ఉంటాయి. పుట్టినప్పుడు పది నుంచి ఇరవై లక్షలు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. వాటిలో నెలనెలా విడుదలయ్యేవి జీవితం మొత్తం మీద నాలుగైదు వందలే. తరిగిపోవడమే గాని కొత్తగా చేరవు. మూలుగ మార్పిడికి ముందు పాత మూలుగను ఖాళీ చేయడానికి బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు ఇస్తారు. వీటితో రాలిన జుట్టు మళ్లీ వస్తుంది, నోటి పూత మానుతుంది, తమ్ముడిచ్చిన మూలుగ కొత్త రక్తం తయారు చేస్తుంది. అండాలకు అలా కోలుకునే దారి లేదు. ముఖ్యంగా బుసల్ఫాన్ ఎక్కువ మోతాదులో పడిన ఆడపిల్లల్లో చాలామందికి అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. వయసు చిన్నదైతే కొంత నిల్వ మిగలవచ్చు, కానీ ఆ ఆశ మీద కూర్చోలేం.

అన్ని మందులూ ఒకటి కాదు, అది కూడా తెలుసుకో. మార్పిడి తర్వాత పాపకు ఇచ్చే వాటిలో మెథోట్రెక్సేట్ ఉండవచ్చు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిన రోజుల్లో ఆయన బృందం తయారు చేసిన మందు అది. అండాశయానికి అంతగా హాని చేయని మందుల్లో దాన్ని లెక్కిస్తారు. కాబట్టి ప్రతి మందు పేరుకూ బెదరకు. ఏ మందు, ఎంత మోతాదు అని అడుగు. మూలుగను ఖాళీ చేయడానికి కొన్ని చోట్ల బుసల్ఫాన్ బదులు ట్రియోసల్ఫాన్ వాడుతున్నారు. అండాశయాలకు అది కొంత మేలని ఇప్పటిదాకా కనిపిస్తోంది. పాపకు అది కుదురుతుందా లేదా అన్నది డాక్టరుగారే చెప్పాలి.

ఇక చేయగలిగింది ఏమిటంటావా? రజస్వల అయిన అమ్మాయికైతే పది పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, పెరిగిన అండాలను సూదితో తీసి గడ్డకట్టిస్తాం. రొమ్ము క్యాన్సర్ వచ్చిన పెళ్లికాని అమ్మాయిలకు మా దగ్గర ఎక్కువగా చేసేది అదే. తొమ్మిదేళ్ల పిల్లకు అది కుదరదు, ఆ ఇంజెక్షన్లకు అండాలు పెరిగే వయసు కాదు. ఆమెకు ఉన్న దారి, పెద్దయ్యాక తిరిగి అమర్చేందుకు అండాశయ కణజాలాన్నే దాచడం. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, లాపరోస్కోపీతో ఒక అండాశయాన్ని తీస్తారు. రెండోది అలాగే ఉంటుంది. మార్పిడి కోసం ఛాతీ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం అమర్చాలి కదా, దానికి ఎలాగూ మత్తు ఇస్తారు. చాలా చోట్ల ఈ రెండు పనులూ ఒకే మత్తులో ముగిస్తారు. ఈ మాట తప్పకుండా అడుగు, పిల్లకు ఒక ఆపరేషన్ తప్పుతుంది.

తీసిన అండాశయం ల్యాబుకు వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను, నీకు భయం తగ్గుతుంది. మంచు మీద పెట్టిన గిన్నెలో, చల్లటి ద్రావణంలో దాన్ని ఉంచుతాం. అండాలన్నీ ఉండేది పైపొరలోనే. లోపలి మెత్తటి భాగాన్ని కొద్దికొద్దిగా గీకి తీసేసి, పాలతెలుపు రంగులో ఉండే ఆ పైపొరను మిల్లీమీటరు మందానికి తెస్తాం. తర్వాత చిన్న చిన్న ముక్కలుగా కోస్తాం. కణాల్లోని నీరు మంచు స్ఫటికాలుగా మారితే కణం చిరిగిపోతుంది, అందుకని ఆ నీటి స్థానంలోకి చేరే రక్షక ద్రావణంలో ముక్కలను నానబెడతాం. ఆ తర్వాత యంత్రంలో పెట్టి ఒక దశలో నిమిషానికి 0.3 డిగ్రీల చొప్పున, అంత నెమ్మదిగా చల్లబరుస్తాం. చివరికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోకి దించుతాం. అక్కడ కణాల వయసు ఆగిపోతుంది. పదేళ్లున్నా ఇరవై ఏళ్లున్నా అండం వయసు తొమ్మిదేళ్లే. ఒక ముక్కను మాత్రం సూక్ష్మదర్శిని కింద చూడటానికి పక్కన పెడతారు.

ఇదంతా కాగితం మీద మాటేనా అని అనుకోకు. 2004లో బెల్జియంలో డాక్టర్ జాక్ డోనే బృందం ఇలా దాచిన కణజాలాన్ని తిరిగి అమర్చిన ఒక మహిళకు బిడ్డ పుట్టినట్టు ప్రకటించింది. అప్పటి నుంచి ప్రపంచంలో రెండు వందలకు పైగా పిల్లలు ఈ దారిలో పుట్టారు. 2019లో అమెరికా సంతానసాఫల్య వైద్యుల సంఘం దీన్ని ప్రయోగాల జాబితా నుంచి తీసేసింది. నీకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే కథ ఇంకొకటి. దుబాయ్ అమ్మాయి ఒకామెకు మన పాపకులాగే తలసీమియా. తొమ్మిదేళ్ల వయసులో, లండన్‌లో మార్పిడికి ముందు, ఒక అండాశయాన్ని తీసి లీడ్స్‌లో భద్రపరిచారు. మూలుగ ఇచ్చింది ఆమె సోదరుడే! పెద్దయ్యాక డెన్మార్క్‌లో ఆ ముక్కలను తిరిగి అమర్చారు. తర్వాత ఐవీఎఫ్ (అండాన్ని ఒంటి బయట ఫలదీకరించే పద్ధతి) సాయంతో 2016 డిసెంబరులో, 24 ఏళ్ల వయసులో, ఆమె బిడ్డను కన్నది. ఆ వార్త చదివిన రోజు మా ల్యాబులో అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

కానీ నీకు నిజం పూర్తిగా చెప్పాలి. ఆ రెండు వందల మంది పిల్లల తల్లుల్లో ఎక్కువమంది రజస్వల అయ్యాక కణజాలం దాచుకున్నవారు. అంతకు ముందే దాచిన పిల్లలకు బిడ్డలు పుట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, ఎందుకంటే దాచినవాళ్లలో చాలామంది ఇంకా ఎదుగుతున్న పిల్లలే. కాబట్టి ఇది ఆశే, హామీ కాదు. ఎవరైనా హామీ ఇస్తే ఆ చోటికి వెళ్లకు.

నీకు వచ్చే సందేహాలు నాకు తెలుసు. ఒక అండాశయం తీస్తే పిల్ల ఎదుగుదల ఆగదు, ఉన్న రెండోది బాగుంటే ఆ పని అది చేస్తుంది. మందుల వల్ల అదీ ఆగిపోతే పదకొండు పన్నెండేళ్ల నుంచి ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనును చాలా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో పెంచుతూ వెళ్తారు. రజస్వల అవుతుంది, ఎముకలు గట్టిపడతాయి. ఇది పిల్లల కోసం మాత్రమే కాదు, ఎముకలకు, గుండెకు కూడా ఆ హార్మోను కావాలి. హార్మోన్ల డాక్టరును ఇప్పుడే పరిచయం చేసుకో. మరో విషయం, ఇన్నేళ్లు ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుని ఉంటుంది. అది తలలో బఠాణీ గింజంత ఉండి అండాశయాలను నడిపే పిట్యూటరీ గ్రంథిని కూడా దెబ్బతీయగలదు. అందుకే ఇనుము తగ్గించే మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని నీ వెంటపడేదాన్ని.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. తమ్ముడి మూలుగతో పాప రక్తం మారుతుంది, అండాలు మారవు. ప్రతి అండంలోనూ తలసీమియా జన్యువు ఒకటి ఉంటుంది. రేపు ఆమె చేసుకోబోయే అబ్బాయికి ఆ జన్యువు ఉందేమో చూసే హిమోగ్లోబిన్ ఎ2 రక్తపరీక్ష చేయించాలి. అతనికి ఆ జన్యువు లేకపోతే వాళ్ల పిల్లలకు ఈ జబ్బు రాదు. పెళ్లికి ముందు జాతకాలు చూసే మనవాళ్లు ఈ ఒక్క రక్తపరీక్ష చేయించుకుంటే ఎన్ని ఇళ్లలో ఈ బాధ తప్పేదో అని నాకు ఎప్పుడూ కోపం వస్తుంది.

మీ ఆసుపత్రిలో ఈ ల్యాబు లేకపోవచ్చు. మన దేశంలో దీన్ని కొద్ది చోట్లే చేస్తున్నారు. అంతమాత్రాన ఆగిపోనక్కర్లేదు. డెన్మార్క్, జర్మనీల్లో ఒక ఊళ్లో తీసిన అండాశయాన్ని మంచులో పెట్టి ఇంకో ఊరి ల్యాబుకు పంపుతారు. ఇక్కడ దాస్తే మాత్రం, సంతానసాఫల్య కేంద్రాల కోసం మన దేశంలో వచ్చిన 2021 చట్టం కింద నమోదైన కేంద్రమేనా అని చూడండి. ఏటా కట్టాల్సిన రుసుము ఎంత, ఎన్నేళ్లు దాస్తారు, కేంద్రం మూతపడితే ముక్కలు ఎక్కడికి వెళ్తాయి అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఖర్చు తేలిక కాదు, అది నాకు తెలుసు. ఆ విషయం అన్నయ్యగారితో నేను విడిగా మాట్లాడతాను, నువ్వు దాని గురించి కుంగిపోకు.

సంతకం మీరే పెడతారు, కానీ పాపకు కూడా చెప్పు. తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా, "పెద్దయ్యాక నీకు పిల్లలు కావాలనిపిస్తే ఉపయోగపడేది ఒకటి దాస్తున్నాం, వద్దనిపిస్తే వాడొద్దు" అని చెబితే చాలు. ఇది ఆమెను తల్లిని చేయాలని మనం తీసుకునే నిర్ణయం కాదు. పాతికేళ్ల వయసులో ఆమె ఏం కోరుకుంటుందో నీకూ నాకూ తెలియదు. ఆ మాట అనే హక్కు ఆమెకు మిగలాలి, అంతే. అంతా విని, ఆలోచించి, వద్దనుకున్నా అందులో తప్పేమీ లేదు. రక్తకణాలు పడిపోయి ఉంటేనో, కాలేయం బాగా దెబ్బతిని ఉంటేనో డాక్టర్లే వద్దనవచ్చు. ఆమె గర్భసంచి ఉంటుంది కాబట్టి దాత అండంతో తల్లి అయ్యే దారి అప్పటికీ మూసుకుపోదు. అడగకుండా వదిలేయడం ఒక్కటే నాకు ఇష్టం లేదు.

మందులు మొదలుపెట్టే తేదీ ఖాయం కాకముందే డాక్టరుగారిని కలువు. ఏ రోజో రాస్తే నేను సెలవు పెట్టి రాజమండ్రి వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. పాప రక్తపరీక్షల కాగితాలన్నీ, ముఖ్యంగా ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్ రిపోర్టులు, వరసగా పెట్టి ఉంచు. వీలైతే అండాశయాల నిల్వ చూసే ఏఎంహెచ్ పరీక్ష కూడా రాయమని అడుగు. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలిద్దరికీ ముద్దులు.

నీ
సరళ